పోలీస్ స్టోరీ బ్లూరే జంట: ఎడ్వర్డ్ టాంగ్ స్క్రీన్‌ప్లే కోసం కొనొచ్చా?

పర్లాకిమిడిలో, గుణుపూర్‌లో, రాయగడలో జాకీ చాన్ తెలియని తెలుగిల్లు ఉండదు. టీవీలో తెలుగులో వస్తే తెలుగులో, హిందీలో వస్తే హిందీలో చూసేశారు. కానీ ఆ సినిమాల్లో హీరో ఎక్కణ్ణుంచి దూకాలి, ఎందుకు దూకాలి, దూకాక అతని నెత్తిన ఏం పడాలి అని కాగితం మీద పెట్టిన మనిషి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. ఆయన ఎడ్వర్డ్ టాంగ్. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ భాషలో టాంగ్ కింగ్‌సాంగ్. 1980లో వచ్చిన 'ద యంగ్ మాస్టర్' నుంచి 1997లో వచ్చిన 'మిస్టర్ నైస్ గై' దాకా, జాకీ చాన్ కాంటనీస్ సినిమాల్లో గట్టిగా నిలబడ్డ వాటిలో ఎక్కువ వాటికి రచయితగా ఆయన పేరుంటుంది. కొన్నిటికి జాకీతో కలిసి రాశాడు, కొన్నిటికి మరొకరిద్దరు రచయితలతో.

ఇక్కడ సమీక్షిస్తున్నది అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2019లో తెచ్చిన 'పోలీస్ స్టోరీ', 'పోలీస్ స్టోరీ 2' బ్లూరే జంట సెట్. బొమ్మ ఎంత శుభ్రంగా ఉంది, శబ్దం ఎంత స్పష్టంగా ఉంది అన్నవి చెప్పుకుందాం గానీ, అసలు పరీక్ష వేరు. టాంగ్ రాత ఈ డిస్కుల్లో చెక్కుచెదరకుండా మన దాకా వస్తోందా లేదా అన్నదే చూడాలి. వస్తోంది. కొనదగ్గ సెట్టే. అయితే మన దేశంలో కొన్న మామూలు బ్లూరే ప్లేయర్‌లో పెడితే ఆడదు. డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే కాబట్టి ముందు దీన్ని తేల్చేద్దాం.

బ్లూరే డిస్కులకి మూడు ప్రాంతాలున్నాయి. అమెరికా, జపాన్, కొరియా, హాంకాంగ్ వైపుది 'ఎ'. యూరప్, ఆస్ట్రేలియా 'బి'. ఇండియా, చైనా, రష్యా 'సి'. క్రైటీరియన్ డిస్కులు 'ఎ'కి తాళం వేసి వస్తాయి. బ్రిటన్‌లో యురేకా సంస్థ వేసే బ్లూరేలు చాలావరకు 'బి'. మన దగ్గర అమ్మే ప్లేయర్లు, గేమ్ కన్సోళ్లు సాధారణంగా 'సి'. డిస్కు పెట్టగానే ప్రాంతం కుదరలేదన్న ఒక్క వాక్యం తెర మీద వచ్చి ఆగిపోతుంది. డిస్కు పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లు ఉంటారు. డిస్కులో లోపమేమీ ఉండదు.

దీనికి మూడు దారులు. మొదటిది, అన్ని ప్రాంతాలూ ఆడే మల్టీరీజియన్ ప్లేయర్ తెప్పించుకోవడం. కొనేటప్పుడు ఆ మాట డీవీడీకే వర్తిస్తుందా, బ్లూరేకి కూడానా అని అమ్మేవాణ్ణి విడిగా అడగాలి. చాలా ప్లేయర్లు డీవీడీకి మాత్రమే తాళం తీసి అమ్ముతారు. రెండోది, లాప్‌టాప్‌కి యూఎస్‌బీ బ్లూరే డ్రైవ్ తగిలించుకోవడం. డీవీడీ ప్రాంతం డ్రైవ్‌లోనే నమోదవుతుంది, అయిదుసార్లు మార్చాక ఇక కదలదు. బ్లూరే ప్రాంతాన్ని చూసుకునేది డ్రైవ్ కాదు, ప్లేయర్ సాఫ్ట్‌వేర్. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎన్నుకోవడంలోనే జాగ్రత్త కావాలి. మూడోది, అసలు 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకే, అంటే బ్లూరే కంటే ఇంకా స్పష్టమైన బొమ్మ ఇచ్చే డిస్కులకే వెళ్లడం. ఆ డిస్కులకి ప్రాంతాల గొడవ లేదు. యురేకా మూడు పోలీస్ స్టోరీలనీ 4కే డిస్కులుగా తెచ్చింది. కానీ వాటికి 4కే డిస్కులు చదివే ప్లేయరే కావాలి, మామూలు బ్లూరే ప్లేయర్ వాటిని ముట్టదు.

ఇక్కడొక మెలిక ఉంది. క్రైటీరియన్ పెట్టె మీద '4కే రిస్టోరేషన్' అని రాసి ఉంటుంది. నెగెటివ్‌ని 4కేలో స్కాన్ చేసి శుభ్రం చేశారని దాని అర్థం. లోపలున్నది మాత్రం మామూలు బ్లూరేనే. ఆ మాట చూసి ప్రాంతం గొడవ లేదనుకుని కొంటే ఇరుక్కుంటారు.

ఇక రాత సంగతి. కాంటనీస్ సినిమాలో ఎక్కువ స్క్రిప్టులు రాసిన వాళ్ల లెక్క తీస్తే పోటీ పెద్దదే. 300కు పైగా రాశాడని చెప్పుకునే నీ క్వాంగ్ ఉన్నాడు గానీ, షా బ్రదర్స్ స్టూడియోకి ఆయన రాసిన వాటిలో ఎక్కువ మాండరిన్‌లో, అంటే చైనా అధికార భాషలో తీసినవి. నటుడు, దర్శకుడు సామో హంగ్ చుట్టూ తిరిగే సినిమాలకి బ్యారీ వాంగ్ రాశాడు. 'మిస్టర్ వాంపైర్', 'ఈస్టర్న్ కాండర్స్' ఆయన చెయ్యి పడ్డవే. సంఖ్యలో టాంగ్ వీళ్లందరికంటే పైన ఉండకపోవచ్చు. కానీ ఒక పని ఆయనకు అబ్బినట్టు మరెవరికీ అబ్బలేదు. స్టంట్లు ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. వాటి మధ్య కథ అల్లాలి, అల్లినట్టు కనబడకూడదు.

పోలీస్ స్టోరీ పుట్టింది సరిగ్గా అలాగే. అమెరికాలో 'ద ప్రొటెక్టర్' తీసిన తీరు జాకీకి నచ్చలేదు. పోలీసు సినిమా అంటే ఇలా ఉండాలని తన పద్ధతిలో తీయడానికి సిద్ధమయ్యాడు. టాంగ్‌కి ఇచ్చింది కథ కాదు, ఒక జాబితా. ఫలానా చోట్లు, ఫలానా వస్తువులు. వీటన్నిటికీ సరిపోయేలా సినిమా కట్టు అన్నాడు. మామూలుగా అయితే ఇలాంటి పని అతుకుల బొంత అవుతుంది. ఇక్కడ అతుకు వెతికినా దొరకదు. ఎందుకో తెలియాలంటే సినిమాని సీను వరసలో పట్టుకుని చూడాలి.

కొండవాలు గుడిసెల దగ్గర పోలీసుల మాటు చెదిరిపోతుంది. కార్లు గుడిసెల మీదుగా కిందికి దూసుకుపోతాయి. విలన్ చూ టావో డబుల్ డెక్కర్ బస్సెక్కి పారిపోతుంటే హీరో చాన్ కాకుయ్ గొడుగు వంపు తగిలించి బస్సుకి వేలాడతాడు, చివరికి దారికి అడ్డం నిలబడి బస్సు ఆపుతాడు. ఇంతవరకూ ఏ రచయితైనా రాస్తాడు. టాంగ్ పని ఇక్కణ్ణుంచి మొదలు. ఇంత విధ్వంసం చేసినందుకు పైవాళ్లు తిడతారు, మళ్లీ ఆ మనిషినే డిపార్ట్‌మెంట్ ప్రచారానికి ఫోటోల్లో నిలబెడతారు. అంటే అతను ఇప్పుడు పేరున్నవాడు, పడితే గట్టిగా పడతాడు. విలన్ సెక్రటరీ సెలీనాని సాక్షిగా కాపాడమని అతనికి అప్పజెప్పుతారు. ఆమెకి ఇతని మీద నమ్మకం లేదు. భయపెడితే దారికొస్తుందని ఇతను తోటి పోలీసుకే కత్తిచ్చి హంతకుడి వేషం వేయిస్తాడు. అదంతా నాటకమని ఆమెకి తెలిసిపోతుంది. ఆమె మాటల్ని రికార్డు చేసిన టేపుని తారుమారు చేసి, కోర్టుకి రాకుండా పోతుంది. నిండు కోర్టులో టేపు పెడితే హీరో పరువు పోతుంది, కేసూ పోతుంది, విలన్ బయటికి వస్తాడు.

గమనించండి, హీరోకి వచ్చిన ప్రతి కష్టమూ అతను చేసిన పని వల్లే వచ్చింది. విలన్ తెలివి వల్ల కాదు, విధి వల్ల అంతకంటే కాదు. నవ్వించడానికి పెట్టిన కత్తి నాటకమే కేసుని చంపింది. మన కమర్షియల్ సినిమాల్లో కామెడీ ట్రాక్ తీసేసినా కథ నడుస్తుంది. ఇక్కడ కామెడీ తీస్తే కోర్టు సీనుకి కారణమే ఉండదు.

కేసు ఓడిన ఫలితంగా అతన్ని ఒక పల్లె స్టేషన్‌కి తోలేస్తారు. అక్కడ వస్తుంది ఫోన్ల సీను. టాంగ్ చేతి పని దగ్గరగా చూడాలంటే ఈ కాసేపు చాలు. మిగతావాళ్లు లేరు, హీరో ఒక్కడే. ఒక ఫోన్ మోగుతుంది, ఎత్తుతాడు. రెండోది మోగుతుంది. చక్రాల కుర్చీలో ఈ బల్ల నుంచి ఆ బల్లకి జారుతుంటాడు. మెడకో రిసీవర్, చంకలో ఒకటి, చేతిలో ఒకటి. ఇతనికి చెప్పాల్సిన జవాబు అతనికి పోతుంది, ఈ ఫోన్ వైరు ఆ ఫోన్ వైరుతో ముడిపడుతుంది. కట్‌లు తక్కువ. ఒక్క దెబ్బ లేదు. అయినా ఇది ఫైటు సీను కొలతలతోనే రాసింది: ఒకేసారి ఎంతమంది మీద పడాలి, ఎవరి మీద నుంచి ఎవరి మీదికి తిరగాలి, చివరికి ఎలా చిక్కుకోవాలి. దాని ముందు వచ్చే పేడ తొక్కి మూన్‌వాక్ చేసే ముక్క అందరికీ గుర్తుంటుంది గానీ, అది జాకీ ఒంటి చలాకీ. ఫోన్ల సీను రచన.

ఇక మాల్. తర్వాత అతని మీద తోటి పోలీసు అధికారిని చంపాడన్న నింద పడుతుంది. ఆధారం మాల్‌లోని విలన్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది. సెలీనా దాన్ని తీసుకుంటుంది. ఇక అక్కడున్న వాళ్లందరికీ కావాల్సింది ఒక్క బ్రీఫ్‌కేసు. ఫైటంతా ఆ పెట్టె వెనకే నడుస్తుంది. పై అంతస్తు నుంచి దీపాల తీగలు చుట్టిన స్తంభం పట్టుకుని హీరో జారడానికి కారణం ఒకటే: విలన్ మనుషులు కింద ఉన్నారు, మెట్లు దిగేంత వ్యవధి లేదు. ఆ దూకడం వెనక అంత చిన్న, అంత బలమైన కారణం ఉంది. చిత్రీకరణలో ఆ దీపాలని బ్యాటరీకి కాకుండా బిల్డింగ్ మెయిన్స్‌కి తగిలించడం వల్ల జాకీ అరచేతులు కాలాయి, నడుముకీ కటి ఎముకకీ దెబ్బలు తగిలాయి. పగిలిన అద్దాలు చూసి స్టంట్ బృందం ఈ సినిమాకి 'గ్లాస్ స్టోరీ' అని పేరు పెట్టుకుంది. 1986 హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ యాక్షన్ రెండూ దీనికే దక్కాయి. యాక్షన్ ఒక్కటే అయ్యుంటే మొదటిది వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

విలన్ చూ టావోగా వేసిన చోర్ యూన్ ఎవరో తెలిస్తే ఈ సినిమా ఇంకాస్త రుచిస్తుంది. 1970ల మొదట్లో హాంకాంగ్‌లో కాంటనీస్ సినిమా దాదాపు ఆగిపోయి, అంతా మాండరిన్ నడుస్తున్న రోజుల్లో 1973లో 'ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్' తీసి కాంటనీస్‌కి మళ్లీ థియేటర్లో చోటు తెచ్చిన దర్శకుడు ఆయనే. టాంగ్ లాంటి రచయితలకి పని దొరికిన భాషని నిలబెట్టిన మనిషి, టాంగ్ రాసిన సినిమాలో ప్రతినాయకుడు.

ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. ఈ రాతలో ఆడవాళ్లకి దక్కిన మర్యాద తక్కువ. మ్యాగీ చ్యూంగ్ వేసిన మే పాత్ర అలగడానికి, అపార్థం చేసుకోవడానికి, ప్రియుడి ముఖాన కేకు కొట్టడానికి తప్ప పెద్దగా పనికిరాదు. ఫోన్ల సీనులోనే కొన్ని జోకులు ఇప్పుడు వింటే చేదుగా ఉంటాయి. పిల్లలతో కూర్చునేవాళ్లు ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

రెండో డిస్కు, 'పోలీస్ స్టోరీ 2' (1988). మొదలు అద్భుతం. మొదటి సినిమాలో జరిగిన ఆస్తి నష్టానికి లెక్క చెప్పించి, హీరోని ట్రాఫిక్ డ్యూటీకి దింపడంతో కథ మొదలవుతుంది. సీక్వెల్‌కి ఇంతకంటే న్యాయమైన ఎత్తుగడ ఉండదు. రోగం పేరు చెప్పి విలన్ జైలు నుంచి బయటికి రావడం, మేని వేధించడం, పార్కులో పిల్లల ఆటవస్తువుల మధ్య ఫైటు, ఇదంతా చక్కగా సాగుతుంది. తర్వాత బాంబులు పెట్టి డబ్బు గుంజే ముఠా కథ వస్తుంది, పాత విలన్ పక్కకి జరిగిపోతాడు. రెండు కథలకీ మధ్య ముడి పడలేదు. మొదటి సినిమాలో ప్రతి సీనూ ముందు సీనుకి బాకీ తీర్చినట్టుంటే, ఇక్కడ సగం దాటాక కొత్త ఖాతా తెరిచినట్టుంటుంది. మే పోలీస్ స్టేషన్‌లో మగవాళ్ల స్నానాల గదిలోకి దూసుకొచ్చి కాకుయ్‌ని దులిపేసే సీను మాత్రం చూడండి. ఆ ఒక్కచోట ఆ పాత్రకి నోరొచ్చింది.

ఈ రెండో సినిమాకి ఒకటికి మించి నిడివులు తిరుగుతున్నాయి: 100 నిమిషాల చుట్టుపక్కల ఒకటి, 120 దాటి ఒకటి. రాత చదవడానికి పొడవుది, వేగంగా చూడ్డానికి పొట్టిది.

నిడివి మాట వచ్చింది కాబట్టి, ఏ డిస్కు, ఏ ఫైలు, ఏ టీవీ ప్రసారమైనా అది పూర్తి సినిమానా కత్తిరించినదా అని తేల్చే పద్ధతి ఒకటి చెప్పాలి. ముందు హాంకాంగ్ నిడివి తెలుసుకోండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీల పాత పాల్ పద్ధతిలో 25. కాబట్టి పాల్ డీవీడీలో, పాత టీవీ ప్రసారంలో సినిమా నూటికి 4 వంతులు వేగంగా పరుగెత్తి, 100 నిమిషాలది 96కి ముగుస్తుంది. అది కోత కాదు. అంతకంటే ఎక్కువ తగ్గితేనే కత్తెర పడినట్టు. 'రంబుల్ ఇన్ ద బ్రాంక్స్' హాంకాంగ్‌లో 100 నిమిషాలు దాటి ఉంటుంది, 1996లో అమెరికాలో వేసింది దాదాపు 90. ఈ తేడాకి పాల్ వేగం సరిపోదు, సీన్లే పోయాయి. 'ఆపరేషన్ కాండర్' అమెరికా విడుదలలోనూ కోత పెద్దదే. 'డ్రంకెన్ మాస్టర్ 2'కి అయితే చివరి ముక్కే తీసేశారు: పారిశ్రామిక స్పిరిట్ తాగి పోరాడినందుకు హీరో ఏమయ్యాడో చెప్పే ముగింపు అది. మోటు హాస్యమే, తీసేయడానికి వాళ్లకి కారణాలు ఉండే ఉంటాయి. కానీ తాగుడికి మూల్యం ఉంటుందని హీరో తండ్రి మొదటినుంచీ చెబుతున్న మాటకి జవాబు ఆ ముక్కలోనే ఉంది. అది లేని కాపీలో స్క్రీన్‌ప్లేకి తోక తెగినట్టే.

ఇలాంటి కోతల్లో మొదట పోయేది ఫైటు కాదు, ఫైటుకి ముందు నడిచే మాటల సీను. అంటే టాంగ్ రాసిన భాగం. టీవీలో చూసి 'కథేముంది, కొట్టుకోవడమే కదా' అన్నవాళ్లది తప్పు కాదు. వాళ్లకి అందిన కాపీలో అదే మిగిలి ఉండొచ్చు.

శబ్దం దగ్గరికి వస్తే, మెనూలో కాంటనీస్ మోనో (ఒకే ఛానెల్ శబ్దం) ట్రాక్ ఎన్నుకోండి. అసలు మిక్స్ అదే. చుట్టూ స్పీకర్లలో వినిపించే 5.1 తర్వాత చేసింది. హోం థియేటర్ ఉన్నవాళ్లు ఆంప్లిఫయర్‌లో హాల్, స్టేడియం లాంటి కృత్రిమ మోడ్‌లు ఆపేసి 'డైరెక్ట్'లో పెట్టాలి, లేకపోతే మాటలు నూతిలోంచి వచ్చినట్టుంటాయి. కాంటనీస్‌లో పెట్టినా పెదాలూ మాటా అక్కడక్కడా కుదరవు. డిస్కు లోపం కాదు. ఆ కాలంలో హాంకాంగ్‌లో షూటింగ్‌లో శబ్దం తీసేవాళ్లు కాదు, మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పించేవాళ్లు. లొకేషన్ శబ్దం అక్కడ మామూలైంది 1990లలోనే.

టీవీ సెట్టింగుల్లో రెండు సరిచేయాలి. ఒకటి, మోషన్ స్మూతింగ్ (కదలిక నున్నగా కనబడేలా టీవీ తన ఫ్రేములు చేర్చడం) ఆపేయాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ మెనూలో 'మోషన్' అన్న మాట వెతకండి. హాంకాంగ్ ఫైట్లలో కొన్ని దెబ్బల్ని తక్కువ ఫ్రేములతో తీసి వేగం పెంచారు. టీవీ మధ్యలో తన ఫ్రేములు చేరిస్తే ఆ దెబ్బ మెత్తబడిపోతుంది. రెండు, జూమ్ చేయొద్దు. ఈ సినిమాలు వెడల్పు తెర కొలతలో తీసినవి, పైనా కిందా నల్లపట్టీలు ఉండాలి. పట్టీలు పోగొట్టడానికి జూమ్ నొక్కితే అంచుల్లో ఉన్న మనిషి మాయమవుతాడు. మాల్ ఫైట్లో అసలు పని జరిగేది అంచుల్లోనే.

సబ్‌టైటిల్స్ ఇంగ్లీషువి. తెలుగు లేదు, ఒడియా లేదు. మన సరిహద్దు ఊళ్లలో ఒకే హాల్లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసి కూర్చుంటారు, ఇంగ్లీషు గబగబా చదవలేని పెద్దవాళ్లూ ఉంటారు. ఒకరు పక్కన కూర్చుని చెప్పక తప్పదు. ఆ చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. లైను లైనుకీ అనువదిస్తే మాట వెనకబడిపోతుంది, నవ్వు చచ్చిపోతుంది. సీను మొదలవగానే ఎవరికి ఏం కావాలో రెండు ముక్కల్లో చెప్పి నోరు మూసుకోవాలి. 'ఈ అమ్మాయికి ఈ పోలీసు మీద నమ్మకం లేదు, వాడు భయపెట్టాలని చూస్తున్నాడు' అంటే చాలు, కత్తి నాటకమంతా అర్థమైపోతుంది. టాంగ్ రాత ఈ పరీక్షకి నిలుస్తుంది, ఎందుకంటే మనుషులకి ఏం కావాలో కళ్లకి కనబడేలా రాశాడు. కష్టమైనవి రెండే: కోర్టు టేపు, ఫోన్లు. ఫోన్ల సీనుకి ముందు డిస్కు ఆపి, ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెబుతాడని చెప్పి మళ్లీ నడపండి.

అదనపు సరుకులో రచయిత గ్రేడీ హెండ్రిక్స్ జాకీ నటన మీద చేసిన కార్యక్రమం, స్టంట్‌మన్ బెన్నీ లై ఇంటర్వ్యూ ఉన్నాయి. రెండో సినిమాలో మూగ బాంబు నిపుణుడు ఈ బెన్నీ లైయే. రెండూ విలువైనవే. అయితే దెబ్బల గురించి దొరికినంతగా రాత గురించి దొరకదు. స్క్రిప్టు ఎలా కట్టారో విడమరిచి చూపే భాగం ఒకటి ఉండి ఉంటే ఈ సెట్‌కి వంక పెట్టడానికి లేకపోయేది.

పోలీస్ స్టోరీ నచ్చితే టాంగ్ కోసం తర్వాత చూడాల్సింది 'ప్రాజెక్ట్ ఎ 2' (1987). మొదటి భాగంలో గడియారం స్తంభం మీద నుంచి పడే సీను అందరికీ తెలుసు, కానీ రచన రెండో భాగంలో పైమెట్టు ఎక్కింది. మ్యాగీ చ్యూంగ్ ఇంట్లో ఒక్కో వర్గం వస్తుంటుంది. విప్లవకారులు, వాళ్లని వెతికే చైనా చింగ్ రాజవంశ ప్రభుత్వ మనుషులు, పోలీసులు. కొత్తవాళ్లు తలుపు తట్టగానే లోపలున్నవాళ్లు ఎక్కడో దాక్కోవాలి. దాక్కున్న చోట ముందే ఇంకొకడు ఉంటాడు. ఎవరికి ఎవరి సంగతి తెలుసు, ఎవరికి తెలియదు అన్న లెక్క ఒక్కచోట కూడా తప్పదు. స్క్రీన్‌ప్లే నేర్చుకునేవాళ్లు కాగితం తీసుకుని గదిలో ఎవరెవరు ఎక్కడున్నారో గీసుకుంటూ చూడాలి. అదే సినిమాలో ఎండుమిరపకాయలు నమిలి శత్రువుల కళ్లలో కారం కొట్టే ఫైటుకి మన వైపు ఏ వివరణా అక్కర్లేదు.

'మిరకిల్స్' (1989) ఫ్రాంక్ కాప్రా 'లేడీ ఫర్ ఎ డే' కథని హాంకాంగ్‌కి తెచ్చినది. పువ్వులమ్మే ముసలావిడ, ఆవిడ పువ్వు కొంటే అదృష్టమని నమ్మే గ్యాంగ్‌స్టర్. ఫైట్లు తక్కువ, ఓపిక కావాలి. తను డైరెక్ట్ చేసిన వాటిలో జాకీకి ఇష్టమైనది ఇదే. 'డ్రంకెన్ మాస్టర్ 2' (1994) సుంకం ఎగ్గొట్టడానికి జిన్సెంగ్ అనే మందు వేరు పెట్టెని దొర సామానులో దాచడంతో మొదలై, పెట్టెలు మారిపోయి, రాజముద్ర దాకా వెళ్తుంది. చిన్న తప్పు పెద్దదవడం అన్న టాంగ్ పద్ధతికి మంచి నమూనా. మూడో పోలీస్ స్టోరీ అయిన 'సూపర్‌కాప్'ని మిషెల్ యో కోసమైనా చూడాలి. 'రంబుల్', 'మిస్టర్ నైస్ గై' రాత కోసం అయితే వదిలేయొచ్చు. మొదటిదానిలో న్యూయార్క్ అని చూపించిన వాంకూవర్ వెనక కొండలు కూడా కనబడతాయి.

డిస్కులు దాచడం గురించి ఒక్క మాట. రాయగడ, కోరాపుట్ కొండల్లో వానాకాలం తేమకి డబ్బాల్లోని కాగితం బూజు పడుతుంది. నిలువుగా పెట్టండి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, గోడకి ఆనించొద్దు. తుడవాల్సి వస్తే మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. బ్లూరేలో డేటా పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. పై పూత గట్టిదే, అయినా లోతుగా గీత పడితే బాగుచేయడం కుదరదు. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ప్లేయర్‌ని, టీవీని చిన్న యూపీఎస్ మీద పెడితే చదువుతున్న మధ్యలో ఆగిపోయే ఇబ్బంది తప్పుతుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు డాలర్ ధర ఒక్కటే చూడొద్దు. పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే లెక్క చాలా పెరుగుతుంది. పోస్టులో వస్తే సుంకం పార్సెల్ అందుకునేటప్పుడు కట్టమంటారు, ఇంట్లో డబ్బు ఉంచుకోండి. ఒక్కొక్కటిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పిస్తే పోస్టేజీ పంచుకోవచ్చు. పాత డిస్కు కొంటుంటే అట్ట వెనక వైపు ఫోటో అడగండి. ప్రాంతం అక్షరం గోళం బొమ్మలో ఉంటుంది. పక్కనే నిడివి, భాషలు ఉంటాయి. ఆ మూడూ చదివాకే డబ్బు కట్టండి, సీలు తీశాక చాలామంది వెనక్కి తీసుకోరు.